పొగ తక్కువగా చెత్త కాల్చడం: కుములుడు మంట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు బాయిలర్ దగ్గర పద్నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఊళ్లో బత్తాయి తోట, కొంచెం పత్తి చూసుకుంటున్నాను. ఊక ఎప్పుడు మండుతుందో, ఎప్పుడు కుములుతుందో చదివి నేర్చుకున్నది కాదు, కళ్లు మండి నేర్చుకున్నది. కొన్నేళ్లుగా పత్తి కట్టెను చేను మధ్యలో కుప్పేసి అంటుపెట్టడం మానేసి డ్రమ్ములో కాలుస్తున్నాను. అది చూసినవాళ్లు, విన్నవాళ్లు, హాలియా నుంచి అచ్చంపేట దాకా ఉన్న చుట్టాలు, అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోన్లో చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. కాల్చకుండా గడిచే చెత్తను కాల్చకండి. కాల్చక తప్పని దాని గురించే ఈ ప్రశ్నలు.

కుములుడు అంటే అసలు ఏమిటి?

అగరుబత్తి చూడండి. కొన ఎర్రగా ఉంటుంది, మంట ఉండదు, మెల్లగా కిందికి దిగుతుంది. బీడీ, దోమల కాయిల్, పిడక, నివురుగప్పిన నిప్పు అన్నీ ఆ కోవవే. పుస్తకాల్లో స్మోల్డరింగ్ అని రాస్తారు. మన దగ్గర దానికి ఒక్క పేరంటూ లేదు. పిడక రాజుకుంటుంది, ఊక కుములుతుంది, బొగ్గు నివురుగప్పుతుంది. నేను కుములుడు అంటున్నాను, మీరు ఏమన్నా సరే.

కట్టె మండుతుంది అంటాం కానీ, మంటలో మండేది కట్టె కాదు. వేడికి కట్టెలోంచి ఆవిర్లు వస్తాయి. అవి గాలితో కలిసి మండితే మనకు మంట కనపడుతుంది. కుములుడులో మాత్రం గాలే లోపలికి వెళ్లి బొగ్గు ఒంటిని తాకుతుంది, కాలడమంతా అక్కడే జరుగుతుంది. మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. కుములుడు వేడి మామూలుగా 450 నుంచి 700 డిగ్రీల మధ్య ఉంటుంది. నడక కూడా నత్తనడకే, గంటకు కొన్ని సెంటీమీటర్లు. అందుకే పిడక తెల్లారేదాకా నిప్పు దాచుకుంటుంది. మా అమ్మ రాత్రి పొయ్యిలో పిడక పెట్టి బూడిద కప్పేది, పొద్దున ఊది పొయ్యి రాజేసేది. ఆ రోజుల్లో అగ్గిపెట్టె కొనడం కూడా ఖర్చే.

మంట లేకపోతే పొగ తగ్గాలి కదా, ఎందుకు ఎక్కువ వస్తుంది?

అందరూ తడబడేది ఇక్కడే. పొగ అంటే కాలకుండా తప్పించుకున్న కట్టె. నిప్పుకి ముందున్న కట్టె వేడెక్కి ఆవిర్లు, తారు వదులుతుంది. మంట ఉంటే అవి అందులో కాలిపోతాయి. కుములుడులో అంత వేడి ఉండదు, అవి అలాగే గాల్లోకి పోతాయి. పసుపుపచ్చగా, చిక్కగా, కళ్లల్లో కారం కొట్టినట్టు ఉండేది అదే. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువే వస్తుంది, అది కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. చలికాలం తలుపులేసుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకున్నవాళ్లు పొద్దున లేవకపోవడానికి కారణం అదే.

కాబట్టి ఊరికే కుమిలే కుప్ప, భగ్గున మండే కుప్పకన్నా మంచిదేమీ కాదు. చాలాసార్లు అధ్వాన్నం.

మరి కుములుడుతో శుభ్రంగా కాల్చొచ్చని ఎలా అంటున్నారు?

కుములుడుకి ఒక మంచి గుణం ఉంది. దాన్ని పట్టుకుని పని చేయించుకోవచ్చు. అది మెల్లగా, వరసగా, ఒకే దిక్కుకి నడుస్తుంది. గాలి తగ్గిస్తే తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. మంటకు ఆ క్రమశిక్షణ లేదు. ఆ నడకను అదుపులో పెట్టి, బయటికొచ్చే పొగను వదిలేయకుండా ఇంకోసారి కాల్చగలిగితే పని అయినట్టే.

పొగను ఎలా కాలుస్తారంటే, నిప్పు ఎక్కడ అంటుపెట్టామన్న దాన్నిబట్టి. మనం కుప్పకు కింద అంటుపెడతాం. అప్పుడు పొగ పైనున్న చల్లటి కట్టెలోంచి, తడి ఆకులోంచి దూరి బయటపడుతుంది, దాన్ని కాల్చే వేడి దారిలో ఎక్కడా ఉండదు. పైన అంటుపెడితే కథ తిరగబడుతుంది. నిప్పు పొర మెల్లగా కిందికి దిగుతుంది, గాలి కింది రంధ్రాల్లోంచి పైకి వస్తుంది, నిప్పు పొర దగ్గర పుట్టిన పొగ దాని పైనున్న ఎర్రటి బొగ్గులోంచే పోవాలి. పైకి రాగానే అక్కడ కొత్త గాలి దొరికితే మంటగా మండిపోతుంది. అంటే కింద కుములుడు, పైన పొగ మంట. డ్రమ్ము నోట్లోంచి నీలం, పసుపు మంట లేస్తుంటుంది, పొగ మాత్రం సన్నగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు బాయిలర్ దగ్గర ఇన్నేళ్లు ఉండి ఈ చిన్న విషయం తోచలేదే అని నాకే సిగ్గేసింది.

విదేశాల్లో మలాన్ని కూడా ఇలా కాలుస్తున్నారట, నిజమేనా?

నిజమే. గేట్స్ ఫౌండేషన్ 2011లో కొత్త రకం మరుగుదొడ్డి తయారు చేయమని పోటీ పెట్టింది. 2012లో మూడో బహుమతి కెనడాలోని టొరంటో యూనివర్సిటీకి వచ్చింది. వాళ్ల పద్ధతిలో మలాన్ని ఇసుకతో కలిపి కుములుడుతో కాలుస్తారు, నీళ్లు, కరెంటు, మురికి కాలువ లేకుండా. ఇసుక ఎందుకంటే, ముద్దగా ఉన్నదాంట్లోకి గాలి దూరదు. ఇసుక కలిపితే సందులు ఏర్పడతాయి. పైగా ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది, పక్కనున్న తడి పదార్థాన్ని ముందే ఆరబెడుతుంది. అలా చేస్తే 70 శాతం దాకా నీళ్లున్న దాన్ని కూడా, ఒకసారి అంటుకున్నాక బయటి ఇంధనం లేకుండా కాల్చగలిగారు. ఇసుక మిగులుతుంది, మళ్లీ వాడుకుంటారు.

ఇదే ఉపాయం అంతకుముందు పాడైన నేలను బాగుచేయడానికి వాడారు. తారు, నూనె ఇంకిపోయిన మట్టిని తవ్వకుండా, భూమిలోకి గాలి పంపి అక్కడికక్కడే కుమిలేలా చేయడం. కెనడాలో వెస్టర్న్ యూనివర్సిటీ, స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ల పని అది.

ఇంట్లో చేసి చూద్దామని మాత్రం అనుకోకండి. వాళ్లు గాలిని కొలిచి పంపుతారు, ఎక్కడ ఎంత వేడి ఉందో చూస్తూ ఉంటారు, వచ్చే పొగను విడిగా శుద్ధి చేస్తారు. మనకు సెప్టిక్ ట్యాంకు చాలు.

మన దగ్గర దొరికే వాటిలో ఏవి పనికొస్తాయి?

పత్తి కట్టె అన్నిటికన్నా మంచిది. గట్టిగా ఉంటుంది, ఎండితే నీళ్లుండవు, కట్టెల మధ్య గాలి ఆడుతుంది. పైగా పత్తి అయిపోయాక కట్టెను చేన్లో నిలబెట్టొద్దని, గులాబీ రంగు పురుగు అందులో, విచ్చుకోని కాయల్లో దాక్కుని వచ్చే ఏడు పంట మీదికొస్తుందని వ్యవసాయాధికారులు నెత్తీనోరూ కొట్టుకుని చెప్తారు. కాబట్టి ఎలాగూ తీసేయాల్సిందే. రోటవేటర్‌తో ముక్కలు చేసి దున్నేవాళ్లు దున్నండి, అది ఇంకా మంచి పని. ట్రాక్టర్ కిరాయి దండగ అనిపిస్తే డ్రమ్ము.

కంది కట్టె, ఆముదం కట్టె మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు చెల్కల్లో బాగా దొరుకుతాయి, రెండూ మంచివే. ఆముదం కట్టె గుల్ల కాబట్టి తొందరగా అయిపోతుంది. సర్కారు తుమ్మ బొగ్గుకి రాజు, దాని గురించి కింద చెప్తాను. బత్తాయి కత్తిరింపులు పచ్చిమీద వద్దు, కనీసం నెలన్నర ఎండనివ్వండి. కొబ్బరి చిప్పలు బాగుంటాయి. పల్లికాయ పొట్టు, ఊక విడిగా వేస్తే గాలి ఆడదు, వాటి లెక్క వేరే.

వరి గడ్డి దీనికి పనికిరాదు. తేలిక, ఊరికే భగ్గుమని పోతుంది. అయినా గడ్డి పశువుల తిండి, దాన్ని కాల్చడమేంటి. కోత మిషన్ వదిలిపెట్టిన కొయ్యలైతే సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి దమ్ము చేయండి, మురిగిపోతాయి.

వంటింటి చెత్త, కూరగాయల తుక్కు వేయొచ్చా?

వద్దు. లెక్క చూద్దాం. పది కిలోల కూరగాయల తుక్కులో ఎనిమిది కిలోలు నీళ్లే. కిలో నీళ్లను ఆవిరి చేయడానికి దాదాపు 2.6 మెగాజౌళ్ల వేడి కావాలి, అంటే ఎనిమిది కిలోలకు 21. మిగిలిన రెండు కిలోల ఎండు సరుకు పూర్తిగా కాలితే వచ్చేది 30కి అటూఇటూ. కాగితం మీద మిగులు కనపడుతోంది కదా అంటారు. డ్రమ్ము ఒళ్లు, గాలి, పొగ కలిసి ఆ మిగులును ఎప్పుడో తినేస్తాయి. నిప్పు ఆరిపోతుంది, సగం ఉడికిన కుళ్లు వాసన మిగులుతుంది. నేను ఒకసారి మామిడికాయ పచ్చడి పెట్టిన రోజు టెంకలు, తొక్కలు వేసి చూశాను. పక్కింటి వదిన రెండు రోజులు మాట్లాడలేదు.

తడి చెత్తకు కంపోస్టు గుంతకన్నా మించింది లేదు. 2019లో పల్లె ప్రగతి మొదలైనప్పటి నుంచి గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, డంపింగ్ యార్డు, చెత్త వేరుచేసే షెడ్డు ఉన్నాయి. ట్రాక్టర్ వచ్చినప్పుడు తడి, పొడి విడిగా ఇస్తే చాలు. కలిపి ఇస్తే అది మళ్లీ ఎక్కడో తగలబడేదే.

డ్రమ్ము పద్ధతి చెప్పండి, మా దగ్గర చేసుకుంటాం.

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉన్న క్రిడా, అంటే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, 200 లీటర్ల పాత ఆయిల్ డ్రమ్ముతో పత్తి, కంది, ఆముదం, మక్క కట్టెల నుంచి బొగ్గు చేసే బట్టీ తయారు చేసింది. నాది దానికి నకలు కాదు, చూసినవాళ్లు చెప్పగా, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నది.

డ్రమ్ము అడుగున వేలు పట్టేంత రంధ్రాలు పాతిక ముప్పై పెట్టించండి. మూడు ఇటుకల మీద నిలబెట్టండి, కిందినుంచి గాలి ఆడాలి. కట్టెను జానెడు, మూరెడు ముక్కలు చేసి నింపండి. మరీ కుక్కితే గాలి పోదు, వదులుగా వేస్తే నిప్పు సందుల్లోంచి జారి అడుక్కి పోతుంది. నోటి దాకా నింపకుండా నాలుగు వేళ్లు ఖాళీ ఉంచండి. పైన ఎండాకు, కొంచెం పత్తి పొల్లు వేసి అక్కడే అంటుపెట్టండి. పైపొర అంతా బాగా రాజుకున్నాక మూత పెట్టాలి. మూత మధ్యలో పెద్ద రంధ్రం, దాని మీద రెండు మూడు అడుగుల పొగగొట్టం. మూతకు, డ్రమ్ముకు మధ్య వేలు సందు ఉండేలా మూడు రాళ్లు పెట్టండి. ఆ సందులోంచి పోయే గాలే పొగను కాలుస్తుంది. సందు మర్చిపోయి మూత బిగించారంటే ఊరంతా పొగే.

గంట, గంటన్నర పడుతుంది. డ్రమ్ము పైనుంచి కిందికి రంగు మారుతూ వస్తుంది, అదే నిప్పు పొర ఎక్కడిదాకా దిగిందో చెప్పే గీత. అడుగు రంధ్రాల్లోంచి ఎర్రగా కనపడి, పైన మంట చిన్నదై నీలంగా మారితే ఆవిర్లు అయిపోయాయని, ఇక కాలేది బొగ్గేనని అర్థం. అప్పుడు ఆపాలి. ఆపకపోతే బూడిదే మిగులుతుంది. అడుగు చుట్టూ తడి మట్టి మెత్తి, పైన మూత పూర్తిగా మూసి గాలి ఆపొచ్చు. లేదా కిందికి గుమ్మరించి నీళ్లు కొట్టొచ్చు. ఎండు కట్టె వంద కిలోలేస్తే పాతిక కిలోల బొగ్గు వస్తే బాగా వచ్చినట్టు.

డ్రమ్ము విషయంలో టెన్షన్ పడాల్సింది ఒకటుంది. పురుగు మందుల డ్రమ్ము, కెమికల్ డ్రమ్ము ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. మూసి ఉన్న పాత డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోయిస్తే లోపలున్న ఆవిరి అంటుకుని పేలుతుంది, మనుషులు పోతారు. నూనె డ్రమ్మే అయినా మూతలు తీసి, కడిగి, నీళ్లు నింపాకే కోయించండి. మొదటిసారి ఖాళీ కట్టెతో కాల్చి పెయింట్ పోగొట్టండి, ఆ బొగ్గు చేన్లో వేయొద్దు.

బ్లోయర్ పెడితే ఇంకా బాగుంటుందా?

గాలి ఎక్కువైతే బొగ్గు కూడా కాలి బూడిదవుతుంది, తక్కువైతే పొగొస్తుంది. ఎండు కట్టెకు బ్లోయర్ అక్కర్లేదు, పొగగొట్టం లాగే గాలి చాలు.

ఊకకు ఏం చేయాలి? మా మిల్లు దగ్గర కొండలా ఉంది.

ఇది నా సొంత సబ్జెక్టు, కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

వంద కిలోల వడ్లకు సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. ఆ ఇరవై కిలోలు కాలిస్తే నాలుగు కిలోల దాకా బూడిద మిగులుతుంది. కట్టెకు ఇంత బూడిద ఎక్కడా రాదు. కారణం ఊకలో ఉన్న ఇసుక లాంటి సిలికా, బూడిదలో అత్యధిక భాగం అదే. ఊక గింజ కాలినా దాని అస్థిపంజరం అలాగే నిలబడుతుంది. నిప్పు చుట్టూ ఆ బూడిద దుప్పటిలా కప్పుకుంటుంది. అందుకే ఊక కుప్ప పైకి చల్లగా, బూడిద రంగులో అమాయకంగా కనపడుతుంది, లోపల వారం రోజులైనా నిప్పు ఉంటుంది. మా మిల్లు వెనక అలాంటి కుప్ప మీద కాలు పెట్టి మోకాలి దాకా కాల్చుకున్న హమాలీని నేను చూశాను. ఊక కుప్ప మీద ఎవరూ నడవొద్దు, పిల్లల్ని అస్సలు పోనివ్వొద్దు.

ఊకను నల్ల బొగ్గుగా చేయడానికి పాత పద్ధతి ఒకటుంది, కుములుడుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఒక డబ్బాకు చుట్టూ రంధ్రాలు పెట్టి, దాని మీద గొట్టం బిగించండి. డబ్బా కింద కట్టె నిప్పు చేసి బోర్లించి, చుట్టూ ఊకను గొట్టం సగందాకా పోయండి. నిప్పు డబ్బా లోపలే ఉంటుంది, వేడి రంధ్రాల్లోంచి ఊకకు తగులుతుంది. ఊక లోపలి నుంచి బయటికి నల్లబడుతూ వస్తుంది, పొగ గొట్టంలోంచి పోతుంది. కుప్ప పైన నల్ల మచ్చలు కనపడగానే బయటి పచ్చి ఊకను పారతో లోపలికి తిప్పాలి. మొత్తం నల్లబడ్డాక, తెల్లబడక ముందు, నీళ్లు. ఆ రెంటి మధ్య సమయం పట్టుకోవడమే పనితనం. ఫోన్ మాట్లాడుతూ నిలబడితే తెల్ల బూడిద చేతికొస్తుంది. నల్ల ఊక నారుమడికి, నర్సరీ సంచుల మట్టిలోకి బాగుంటుంది. పొగ మాత్రం ఈ పద్ధతిలో వస్తుంది, దాచను. ఇళ్లకు దూరంగా చేయండి.

ఇంకొకటి. ఊక 700 డిగ్రీల లోపు కాలితే సిలికా మెత్తటి రూపంలో ఉంటుంది, అలాంటి బూడిద సిమెంటులో కలపడానికి కూడా పనికొస్తుంది. అంతకు మించిన వేడిలో ఎక్కువసేపు ఉంటే స్ఫటికంలా గట్టిపడుతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఏ బూడిద అయినా ఎత్తేటప్పుడు మూతికి తడి గుడ్డ కట్టుకోండి. పద్నాలుగేళ్లు నేను కట్టుకోలేదు, ఇప్పుడు చలికాలం వస్తే దగ్గు రెండు నెలలు ఉంటుంది.

సర్కారు తుమ్మను మట్టి కప్పి బొగ్గు చేస్తారు కదా, అదీ ఇదేనా?

అదే కుటుంబం. దేవరకొండ, కల్వకుర్తి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన పొగలు కక్కే మట్టి దిబ్బలు చూసే ఉంటారు. కట్టె పేర్చి, ఆకు, మట్టి కప్పి, సందుల్లోంచి కొంచెం గాలి వదులుతారు. కొంత కట్టె కుమిలి, ఆ వేడితో మిగతా కట్టె బొగ్గవుతుంది. పొగను చూసి లోపలి సంగతి చెప్తారు బట్టీ వాళ్లు. ముందు తెల్లగా వస్తే నీళ్లు పోతున్నట్టు, పచ్చగా చిక్కగా వస్తే తారు పోతున్నట్టు, సన్నగా నీలంగా మారితే బొగ్గు అయినట్టు. ఆ చదువు మన డ్రమ్ముకీ పనికొస్తుంది. పొగ విషయంలో మాత్రం మట్టి బట్టీ చాలా మురికిది. పచ్చ పొగంతా గాల్లోకే, కాల్చే ఏర్పాటు లేదు.

ప్లాస్టిక్ కవర్లు నాలుగు పడితే ఏమవుతుంది?

వేయొద్దు. పీవీసీ పైపు ముక్కలు, వైర్ల తొడుగులు లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి మట్టిలో, పశువుల కొవ్వులో, పాలలో చేరి ఏళ్ల తరబడి ఉంటాయి. కుములుడు వేడి వాటికి సరిగ్గా అనువైన చోటు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ కూడా వద్దు. డైపర్లు, ప్యాడ్లు విడిగా చుట్టి ట్రాక్టర్‌కి ఇవ్వండి. ఆస్పత్రి చెత్తను కాల్చే యంత్రాల్లో రెండో గదిలో 1050 డిగ్రీల వేడి ఉండాలని నియమం, మన డ్రమ్ము ఏ మూలకు.

మా ఊరి డంపింగ్ యార్డు నాలుగు రోజులుగా కుములుతోంది. నీళ్లు కొట్టినా ఆరడం లేదు, ఎందుకు?

నీళ్లు పైపైన జారిపోతాయి, నిప్పు లోపల ఉంటుంది. చెత్తే దానికి దుప్పటి, వేడి బయటికి పోదు, కాస్త గాలి దొరికితే చాలు. జార్ఖండ్‌లో ఝరియా బొగ్గు గనుల్లో 1916లో కనిపెట్టిన మంటలు నేటికీ ఆరలేదు. మన యార్డు అంత కాదు కానీ పద్ధతి అదే.

జేసీబీతో కుప్పను విప్పి పలచగా పరిచి, పరిచినదాన్ని తడపాలి, తర్వాత మట్టి కప్పాలి. విప్పినప్పుడు గాలి తగిలి ఒక్కసారి భగ్గుమంటుంది, అందుకే ట్యాంకర్ పక్కన ఉండగానే మొదలుపెట్టాలి. గాలి వచ్చే వైపే నిలబడండి. పైన నడవొద్దు, లోపల గుల్లయి ఉంటుంది. యార్డుకి అంటుపెట్టేది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు, అడిగేవాళ్లే ఉండరు. కుప్ప తగ్గిందని సంతోషపడతారు గానీ, ఆ తగ్గిందంతా మన ముక్కుల్లోకే పోయింది.

చట్టం ఏమంటుంది?

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించాయి. అదే ఏడాది డిసెంబర్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని చెప్పింది. డ్రమ్ము ఉంది కదా అని లైసెన్సు వచ్చినట్టు కాదు. నేను మా చేను దగ్గర, మా చేను కట్టెనే కాలుస్తాను, పంచాయతీ సెక్రటరీకి ముందే చెప్పి ఉంచాను. ఇళ్ల మధ్యలో, ఊరి చెత్తతో చేయొద్దు.

పిడక, వేపాకు పొగ పెడితే దోమలు పోతాయి, అది మంచిదే కదా అన్నా?

దోమలు పోతాయో లేదో గానీ మనుషులు లేచి బయటికి పోతారు తమ్మీ. పొగ ఏ ఆకుదైనా పొగే. దోమల కాయిల్ ఒక్కటి పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. కాయిల్ కూడా కుములుడే అని గుర్తుంచుకో. దోమతెర కొనుక్కో.

వచ్చిన బొగ్గు చేన్లో ఎలా వేయాలి?

పొడి చేసి, పేడ ఎరువులోనో, కంపోస్టులోనో కలిపి కొన్ని వారాలు ఉంచి వేయండి. నేను గంప బొగ్గుకి రెండు గంపల ఎరువు కలుపుతాను, పైన పశువుల మూత్రం చల్లుతాను. పచ్చి బొగ్గు నేరుగా వేస్తే మొదట్లో మట్టిలోని నత్రజనిని అదే పట్టుకుంటుంది, ఆ పంట పాలిపోతుంది. నీళ్లు నిలవని ఎర్ర చెల్కల్లో దీని లాభం కనపడుతుంది, బొగ్గు రంధ్రాలు తేమ పట్టి ఉంచుతాయి. నల్లరేగడికి అంత అవసరం లేదు.

బూడిద వేరే సంగతి. అది సున్నం గుణం కలది. చౌడు నేలలో వేస్తే చౌడు ఇంకా పెరుగుతుంది. యూరియాతో కలిపి చల్లితే నత్రజని అమ్మోనియా వాసనగా గాల్లో కలుస్తుంది, డబ్బు కలిసినట్టే.

ఈ బొగ్గుతో మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందా?

నల్గొండ వాళ్లు అడక్కుండా ఉండరు, నాకు తెలుసు. కట్టె బొగ్గుతో పోదు. ఎముకల బొగ్గు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది, ఎముకలో ఉన్న కాల్షియం ఫాస్ఫేట్ వల్ల. కానీ అది పద్ధతిగా తయారుచేసి, ఎప్పటికప్పుడు మార్చాల్సిన సరుకు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి మన జిల్లా పేరే పెట్టింది, నల్గొండ టెక్నిక్ అని. అలా పేరు రావడం గర్వపడేదా, బాధపడేదా నాకిప్పటికీ తేలలేదు. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వాడండి.

ఏ కాలంలో, ఏ సమయంలో కాల్చాలి?

సంక్రాంతి దాటాక, ఎండలు ముదరక ముందు, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపల. చలికాలం తెల్లవారుజామున, చీకటి పడ్డాక పొగ పైకి లేవదు, ఊరి మీదే పరుచుకుంటుంది. ఏప్రిల్, మే వడగాలిలో మాత్రం మొదలే పెట్టొద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు, పక్కవాడి గడ్డివాము పోతుంది. రెండు బిందెల నీళ్లు, ఒక పార పక్కన లేకుండా అగ్గిపుల్ల గీయొద్దు.

నిప్పు పూర్తిగా ఆరిందని ఎలా తెలుస్తుంది?

కంటితో తెలియదు. నేను నేర్చుకున్న తీరు చెప్తాను. మొదటి ఏడు, మూడు డ్రమ్ముల బొగ్గు నీళ్లు కొట్టి ఆర్పి, చల్లగానే ఉందని సాయంత్రం గోనె సంచుల్లో కట్టి పశువుల కొట్టం పక్కన పెట్టాను. ఏదో ఒక ముక్క లోపల కుములుతూ ఉండిపోయింది. బొగ్గు కొత్తది, పొడిబారింది, సంచిలో గాలి కొంచెం కొంచెం ఆడింది. దానికి కావాల్సింది అంతే. రాత్రి రెండింటికి గేదె అరుపుకి లేచి చూస్తే రెండు సంచులు లేవు, వాటి చోట రెండు ఎర్రటి గుట్టలు ఉన్నాయి, పైన కప్పిన టార్పాలిన్ కారిపోతోంది. గేదె తాడు కోసి బయటికి తోలాను కాబట్టి సరిపోయింది.

అప్పటినుంచి ఆర్పిన బొగ్గును బయట పలచగా పరిచి ఒక రాత్రంతా వదిలేస్తాను. పొద్దున తిరగేసి, చెయ్యి లోపలికి పెట్టి చూస్తాను. గోరువెచ్చగా తగిలినా మళ్లీ నీళ్లు, మళ్లీ ఒక రోజు. సంచులు కొట్టానికి, ఇంటికి దూరంగా, రాతి గెట్టు మీద. నేను చెయ్యి పెట్టి చూశానని చెప్పినా మా ఆవిడ నమ్మదు, తనూ ఒకసారి పెట్టి చూశాకే సంచి మూతి కట్టనిస్తుంది.